గోళీబల్ల ఎడమ పక్క

షట్టరు సగం దాకా లేచి మొరాయించింది. మెరుపు కూతురు రెండు చేతులూ కింద పెట్టి ఎత్తబోతుంటే, తీగ "ఉండమ్మా, దానికో కిటుకుంది" అని కుడివైపు కొసన మడమతో ఒక్క తాపు తన్నాడు, అది గొణుక్కుంటూ పైకి పోయింది. కాలు మర్చిపోలేదు. ఇన్నేళ్లుగా ఈ వీధిలోకి రాకుండా, రావలసివస్తే వెనక సందులోంచి చుట్టు తిరిగి పోతూ, ఈ షెడ్డు అనేది ఒకటి ఉందన్న సంగతే తెలియనట్టు బతికిన మనిషి కాలు, షట్టరు ఎక్కడ పట్టేస్తుందో మాత్రం గుర్తుపెట్టుకుంది. లోపల్నుంచి వాసన వచ్చి మొహానికి కొట్టింది. వార్నిషు, పాత చెక్క, దుమ్ము పట్టిన రాగి చుట్టలు వేడెక్కి చల్లారిన వాసన, వాటన్నిటి అడుగున మెరుపు వాడే మైనం వాసన. ఆ మైనంలో వాడేదో కలిపేవాడు, ఏమిట్రా అదంటే చెప్పేవాడు కాదు, చెబితే నువ్వూ మెరుపువైపోతావు, అప్పుడు తీగెవడు అనేవాడు. డబ్బా మూత తీసే ఉందేమో, మనిషి పోయి నెలన్నా కాలేదు కదా, మైనం ఇంకా ఆరి ఉండదు.

తీగ, మెరుపు, ఈ రెండూ కన్నవాళ్లు పెట్టిన పేర్లు కావు, బజారు పెట్టినవి. బిళ్ల వేస్తే ఆడే పాతకాలపు ఆట యంత్రాలు మూతపడ్డ హోటళ్లలో, హాళ్లలో, గోదాముల్లో పడి ఉంటే తెచ్చి, అవి ఏవో, ఏ కాలానివో తేల్చి, మళ్లీ ఆడేట్టు చేయడం ఇద్దరి పని. లోపలి తీగలూ రిలేలూ గంటలూ ఇతనివి, పైన చెక్కా రంగూ అద్దమూ వాడివి. ఇతను మనిషి కూడా తీగలాగే ఉండేవాడు కాబట్టి పేరు అతికింది. పాడైన యంత్రం పట్టుకొచ్చిన ప్రతివాడూ, తీగ లాగితే డొంకంతా కదులుతుంది జాగ్రత్తయ్యోయ్ అని అదే ఛలోక్తి తానే కనిపెట్టినట్టు విసిరేవాడు, వీళ్లిద్దరూ మొదటిసారి విన్నట్టు నవ్వేవాళ్లు. పైన పటారం లోన లొటారం అని ఇతను మెరుపుని ఎత్తిపొడిస్తే, లోపల ఎంత బంగారం ఉంటే ఏం లాభంరా, మొహం చూసే కదా బిళ్ల వేస్తారు అని వాడనేవాడు. అసలు తగువంతా అక్కడే. పాత గీత, పాత మచ్చ, ఎన్ని వేల చేతులు రాసుకునో అరిగిన అంచు, అవన్నీ ఉండనీరా అని ఇతను. ముసలిదానికి పాతికేళ్లు తగ్గిస్తుంటే వద్దంటావేంట్రా అని వాడు. నవ్వుతూ పడే తగువు. నవ్వుతూ పడే తగువులోనే ఎక్కడో ఒక మేకు దాగి ఉంటుందని, అది కాల్లో దిగేదాకా తెలియదని, అప్పుడెవరికి తెలుసు.

"రేపు పొద్దున్నే లారీ వస్తుంది బాబాయ్" అంటోంది ఆ పిల్ల. పిల్లేమిటి, పెద్దదైపోయింది, గడ్డం వాడిది, కళ్లు వదినవి, తను చివరిసారి చూసినప్పుడు స్కూలు సంచీతో ఈ గడపలోనే కూర్చుని స్క్రూలన్నీ సైజుల వారీగా వేరుచేసి డబ్బాల్లో పోస్తుండేది. మ్యూజియం వాళ్లు అన్నీ తీసుకెళ్తామన్నారట, ఏది ఏమిటో రాసి ఒక్కోదానికీ కట్టమన్నారట, నాన్నకి తప్ప ఎవరికీ తెలీదు, నాన్న తర్వాత మీకే తెలుసు అని నిన్న ఫోనులో ఒక్క గుక్కలో చెప్పేసింది, ఎక్కడ పెట్టేస్తాడో అన్నట్టు. పెట్టేయలేదు. వస్తానన్నాడు. వాణ్ణి సాగనంపినరోజు వీధి మొగదాకా వచ్చి, కరెంటు స్తంభం పక్కన నిలబడి, జనం కదలగానే వెనక్కి పోయిన మనిషి, ఈ యంత్రాల కోసం మాత్రం వస్తానన్నాడు. ఆమె చేతిలో అట్టముక్కలూ పురికొసా ఉన్నాయి. వదిన ఇంటి వసారాలోంచి ఇతన్ని చూసింది, వచ్చావా అంది, అంతకు మించి అనకుండా లోపలికెళ్లిపోయింది. షెడ్డు చివర, గోడవారన, టార్పాలిన్ కప్పిన ఎత్తు ఒకటుంది. లోపలికి అడుగుపెట్టగానే కళ్లు అటే పోయాయి. మళ్లీ అటు చూడకుండా, ఈ కొసనుంచి మొదలుపెడదాం అన్నాడు.

"ఇదేంటి బాబాయ్?" "చెయ్యి బలం చూసేది. ఆ పిడి పట్టుకుని బిగిస్తే పైన ముల్లు తిరుగుతుంది. పిల్లాడు, మగాడు, పహిల్వాను అని మూడు గళ్లుంటాయి చూడు." ఆమె రాసుకుంది. మెరుపు పెళ్లయిన కొత్తలో పెళ్లాన్ని షెడ్డు చూపించడానికి తెచ్చాడు, ముందు వాడు బిగించి మగాడు దగ్గర ఆపాడు, తర్వాత ఆవిడ మొహమాటంగా రెండు వేళ్లతో పట్టుకుంటే ముల్లు ఎగిరి పహిల్వాను దాటి గంట మోగింది. వెనక రేకు చాటున స్ప్రింగు వదులు చేసింది తనే. ఆ సంగతి మెరుపుకి నెలల తర్వాత తెలిసింది. అందుకేరా ఇన్నాళ్లూ ఆవిడ ముందు గొంతెత్తలేదు, నా కాపురం నీ స్క్రూడ్రైవరు మీద నడుస్తోందా అని నెత్తి కొట్టుకున్నాడు. ఈ మాట పిల్లకి చెబితే నవ్వుతుందేమో. చెప్పబోయి ఊరుకున్నాడు, నవ్వించే హక్కు తనకెక్కడిది. పక్కది కన్ను ఆనించి చూసే బొమ్మల పెట్టె, చక్రానికి గుచ్చిన వందల అట్టబొమ్మలు టపటపా తిరిగి ఒక ఆడమనిషి గొడుగు విప్పి మూస్తుంది, అంతే, ఆ గొడుగు కోసం మనుషులు వరసలో నిలబడేవాళ్లట. దాని పక్కది తుపాకీ, ఎదురుగా రేకు బాతులు. "ఇది ఏ కాలంది బాబాయ్, ఎలా తెలుస్తుంది?" "కాలు విప్పితే తెలుస్తుంది" అన్నాడు. పైన ఎవడు ఎన్ని రంగులు పులిమినా, కాలు బిగించే ఇనపరేకు కింద పులమలేడు, ఆ రేకు విప్పితే పుట్టినప్పటి రంగు అరచేయంత దొరుకుతుంది, ఏ యంత్రానికైనా అదే పుట్టుమచ్చ, అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టాలి. ఇది తను మెరుపుకి నేర్పిన విద్య. నేర్పకపోయి ఉంటే.

నేర్పకపోయి ఉంటే వాడు ఆ ఎరుపు కనిపెట్టేవాడు కాదు. అలా అనుకోవడం తప్పించుకోవడమే, వాడు ఇంకో దారి వెతికేవాడు, పట్టు పడితే వదిలే రకం కాదు. కానీ మనసు ఎటు వెళ్లొద్దంటే అటే వెళ్తుంది కదా, టార్పాలిన్ దాకా కళ్లు వెళ్లకపోయినా అది వెళ్లి దాని కింద దూరి కూర్చుంది, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి, సముద్రపు ఒడ్డున ఉన్న ఆటల హాల్లోకి. అమ్మ ఆ హాలు ఊడ్చి తుడిచేది. బడి అయ్యాక అక్కా తనూ అక్కడికే వెళ్లేవాళ్లు, జనం రాకముందు హాలంతా వాళ్లదే, కిటికీల్లోంచి ఉప్పుగాలి, నేలమీద తడిగుడ్డ వాసన, వరసగా నిలబడిన యంత్రాలు. మూలనున్న ఎర్ర గోళీబల్లకి మూడో గంటా నాలుగో గంటా పట్టేసి ఉండేవి కాబట్టి ఎవరూ దాని జోలికి పోయేవాళ్లు కాదు, మేనేజరు దానికి బిళ్ల లేకుండా ఆడుకోమనేవాడు. తనకి అందేది కాదు, అక్క ఒక చెక్కపెట్టె బోర్లించి ఎక్కించేది. ఉక్కు గోళీ పైనుంచి జారి, మేకుల మధ్య తగిలి తగిలి కిందికి వస్తుంటే రెండు చెక్క రెక్కలతో దాన్ని పైకి కొట్టాలి. ఎడమ రెక్క నాది, కుడి రెక్క నీది, నీ వైపొచ్చింది నువ్వు చూసుకో, నా వైపొచ్చింది నేను చూసుకుంటా అనేది. తన వైపొచ్చినవన్నీ పోయేవి. ఆమె తిట్టేది కాదు, మళ్లీ గోళీ లాగి వదిలేది. ఒకరోజు అమ్మ అవతల బకెట్టు నింపుకుంటుంటే అక్క జాకెట్టుకున్న పిన్నీసు తీసి, బల్లకి ఎడమ పక్క చెక్కమీద, కాలి దగ్గర, వంగితే తప్ప కనపడని చోట, బొమ్మ గీకింది. రెండు జడల పిల్ల, పక్కన ఒక పొట్టివాడు, వాడి తల ఒంటికంటే పెద్దది. ఇదెవర్రా అంటే నేను అన్నాడు, తల అంత లేదు అన్నాడు, నీ తల అంతేరా గుమ్మడికాయ్ అంది. పిల్ల చెయ్యి పొట్టివాడి చేతి దాకా గీకబోతుంటే అమ్మ వచ్చింది. చేతులు కలవకుండానే బొమ్మ ఆగిపోయింది. ఆ వానల్లోనే అక్కకి జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది, తగ్గలేదు. ఫోటో ఒక్కటి కూడా లేదు. స్టూడియోకి వెళ్దాం వెళ్దాం అని అమ్మ అంటూనే ఉండేది, పండగో పబ్బమో చూసుకుని వెళ్దామనుకునే బతుకు, వెళ్లలేదు. పెద్దవుతున్నకొద్దీ ఆ మొహం తన లోపల చెరిగిపోతూ వచ్చింది, జడలు మిగిలాయి, గొంతు కొంత మిగిలింది, మొహం పోయింది. హాలు మూసేశారు. యంత్రాలు ఎటుపోయినవి అటుపోయాయి.

తీగలంటే పిచ్చి కాబట్టి ఈ పనిలోకి వచ్చాడని అందరూ అనుకున్నారు, మెరుపూ అలాగే అనుకున్నాడు, తనూ కాదనలేదు. ఏ ఊళ్లో ఏ గోదాములో పాత గోళీబల్ల ఉందన్నా ముందు ఎడమ పక్క కాలి దగ్గర చెయ్యి పెట్టి తడిమేవాడు, అది తన అలవాటంతే అనుకున్నారు. ఒకసారి మూతపడ్డ హోటలు నేలమాళిగలో, కాళ్లు ఊడదీసి గోడకి నిలబెట్టి ఉంది ఒకటి, పైన ఎవడో ఆకుపచ్చ రంగు, దానిమీద బూడిదరంగు. చీకట్లో చెయ్యి పెట్టాడు. రంగుల అడుగునుంచి గాడి తగిలింది. వేలు గాడి వెంట నడిచింది, ఇక్కడ జడ, ఇక్కడ రెండో జడ, ఇక్కడ పెద్ద తల. టార్చి వెయ్యలేదు చాలాసేపు. నేలమీద కూలబడి అలాగే చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. మెట్ల పైనుంచి మెరుపు, ఏమైనా పనికొచ్చేది దొరికిందా అని కేకేశాడు. దొరికిందిరా, ఇది మాత్రం అమ్మేది కాదు, నాకోసం అన్నాడు. నీకోసమా, నీకెప్పట్నుంచిరా ఈ మోజు అని నవ్వాడు వాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోరు తెరిస్తే మాట కాక ఇంకేదో వచ్చేట్టుంది, రేపు చెబుదాం అనుకున్నాడు. తెల్లారేసరికి అమ్మకి బాగాలేదని కబురు. వెళ్లాడు, వారాల తరబడి మంచం పక్కన కూర్చున్నాడు, అమ్మ పోయింది, అక్క మొహం తెలిసిన చివరి మనిషి పోయింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా తిన్నగా ఈ షెడ్డుకే వచ్చాడు, ఒక్కసారి ఆ గాడిమీద వేలు పెట్టి కూర్చోవాలని.

మెరుపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా, అరచేతులు తోలు లేచిపోయి, మొహమంతా పండగలా. అమ్మ గురించి రెండు ముక్కలు అడిగి, భుజంమీద చెయ్యి వేసి, నీకు కాస్త మనసు తేలికపడేట్టు ఒకటి చేశానురా, కళ్లు మూసుకో అన్నాడు. చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు తను. తెరిచేసరికి ఎర్ర గోళీబల్ల, హాల్లో ఉన్నప్పటికంటే ఎర్రగా, పుట్టిననాడు కూడా అంత ఎరుపు ఉండి ఉండదు. రేకు విప్పి అసలు రంగు పట్టుకున్నానురా, నువ్వు చెప్పిన కిటుకే, కలపడానికే వారం పట్టింది అంటున్నాడు వాడు. చెబుతూ చెబుతూ, ఎడమ పక్కన ఎవడో పోకిరీ వెధవ పిన్నుతో గీకి పాడుచేశాడు, పుట్టీ పెట్టి, రాకి, పూత మీద పూత వేసి సాపు చేశాను, చెయ్యేసి చూడు, ఎక్కడుందో నీక్కూడా దొరకదు అన్నాడు. చెయ్యేశాడు. దొరకలేదు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, అద్దం మీద నీళ్లలా జారిపోయింది చెయ్యి. బాగుందా అని మెరుపు వాడి మామూలు గొంతుతో అడిగాడు. ఎవడు చెయ్యమన్నాడురా నిన్ను అన్నాడు తను. పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత వాడు ఇంటికొచ్చాడు, వాకిట్లో నిలబడి, ఏం చేశానో చెప్పరా, కొట్టాలనుంటే కొట్టు అన్నాడు, తలుపు వేసుకున్నాడు తను. మళ్లీ వచ్చాడు. మనుషుల్ని పంపాడు. చెబితే వాడు జన్మలో మళ్లీ రంగుకుంచె ముట్టడని తెలుసు, అంత పని చెయ్యడానికి చేతులు రాలేదు. చెప్పకుండా క్షమించడానికీ మనసు రాలేదు. జాలి నోరు నొక్కింది, కోపం తలుపు మూసింది, రెండూ కలిసి వాడికి ఏ నేరమో తెలియని శిక్ష వేశాయి. రేపు చూద్దాం, ఈ కోపం చల్లారాక చూద్దాం అనుకుంటూ ఉండగా వాడి కూతురు పెద్దదైంది, వాడికి గుండె జబ్బు వచ్చింది, వాడు పోయాడు.

గుర్రపు పందెం, కొక్కెంతో బొమ్మ పట్టే పెట్టె, బరువు చూసే మిషను, ఒక్కోదానికీ చెబుతూ వచ్చాడు, ఆమె రాస్తూ కడుతూ వచ్చింది. చివరి గోడ వచ్చేసింది. ఆమె టార్పాలిన్ కొస పట్టుకుని లాగింది. కప్పి ఉంచిన వస్తువు మీద ఉండవలసిన మసకకూడా లేదు దాని మీద. మధ్యాహ్నపు ఎండ షట్టరులోంచి అంత దూరం వచ్చి దాని పక్కన నిలబడ్డ ఇద్దరి మొహాలకీ ఎరుపు పూసింది.

"ఇది మీదే కదా బాబాయ్."

అతను కిందికి జారిన టార్పాలిన్ తీసి మడతపెట్టసాగాడు.

"ఎంతమంది అడిగారో. నాన్న ఎవరికీ ఇవ్వలేదు. అది తీగది, ఎప్పుడో ఓనాడు వాడే వచ్చి తీసుకెళ్తాడు అనేవాడు. వారం వారం మైనం పట్టేవాడు దీనికి." పురికొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "ఏం జరిగింది మీ ఇద్దరికీ? అమ్మకి తెలీదు. నాన్నకీ తెలీదు. ఆస్పత్రిలో కూడా అదే, నేనేం తప్పు చేశానో వాణ్ణి ఒక్కసారి అడిగి రామ్మా అన్నాడు. నేను రాలేదు. నాకు మీమీద కోపం. ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పండి."

చెప్పాలంటే ఇదే సమయం, వినేవాళ్లు ఉన్నారు, అడిగారు. నోట్లో మాట తయారుగా ఉంది, మా అక్క అని మొదలుపెడితే చాలు, మిగతాదంతా దానంతటదే వస్తుంది, ఇన్నేళ్ల బరువు దిగిపోతుంది, ఈ పిల్ల ఏడుస్తుంది, తనూ ఏడవచ్చు, అక్క అనే మనిషి ఒకతె ఉండేదని లోకంలో ఇంకొకరికి తెలుస్తుంది. అంతా అయ్యాక ఈ పిల్ల ఇంటికెళ్తుంది. వాడి కుంచెలు ఉంటాయి అక్కడ, వాడి రాకుడు కాగితాలు ఉంటాయి. ప్రతి దాంట్లోనూ ఇక మీదట వాళ్ల నాన్న చెయ్యి ఒక చచ్చిపోయిన పిల్లని చెరిపేస్తూ కనపడుతుంది. వాడు నిద్ర మానుకుని, తోలు లేచేదాకా రుద్ది, స్నేహితుడి కోసం చేసిన పని అది. పోయినవాడు జవాబు చెప్పుకోలేడు. ఎవడో పోకిరీ అనుకున్నానురా అని ఎవరికి చెప్పుకుంటాడు.

"కుళ్లు" అన్నాడు.

"ఏంటి?"

"కుళ్లమ్మా. ఓర్వలేకపోయాను. నేను ఊళ్లో లేనప్పుడు వాడొక్కడే చేశాడు ఇదంతా. వచ్చి చూసేసరికి ఇలా ఉంది. నేను జన్మలో ఇలాంటి పని చెయ్యలేనని తెలిసిపోయింది. తట్టుకోలేక నోటికొచ్చింది అని వెళ్లిపోయాను. తర్వాత సిగ్గేసి రాలేదు."

ఆమె అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, ఇంకా ఏదో ఉంటుంది, ఇది కాకుండా అసలుది వస్తుంది అన్నట్టు. రాలేదు. "అంతేనా?" అంది. "దానికా? దానికి ఇన్నేళ్లా?" గొంతు పెరగలేదు, సన్నబడింది. "ఏదో పాపం చేశాననుకుంటూ పోయారు మా నాన్న. మీకర్థమవుతోందా?"

"వాడే పాపమూ చెయ్యలేదు" అన్నాడు. ఈ ఒక్క మాట పలుకుతుంటే గొంతు తడబడలేదు. "మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదు తల్లీ. అమ్మకి కూడా చెప్పు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, అట్టముక్కలు ఒళ్లో పెట్టుకుని, మొహం తిప్పుకుని ఏడ్చింది. అతను దగ్గరికి వెళ్లలేదు, వెళ్లే చోటు పోగొట్టుకున్నాడు ఇప్పుడే. చెయ్యడానికి ఏమీ లేక, చూడటానికి ఇంకేమీ లేక, గోళీబల్ల వైపు చూశాడు. ఇన్నేళ్లలో దాన్ని నింపాదిగా చూడటం ఇదే మొదలు, ఆ రోజు చేత్తో తడిమాడు గానీ కళ్లు పెట్టి చూడలేదు. వంగాడు. ఎరుపు మీద పసుపు చారలు, చార అంచు కత్తితో కోసినట్టుంది, ఎక్కడా రంగు పారలేదు, మూల తిరిగేచోట చార కొంచెం సన్నబడి మళ్లీ వెడల్పవుతుంది, పాతకాలపు అచ్చు అలాగే ఉండేది, ఆ తేడా కూడా వాడు పట్టుకున్నాడు, దానికోసం ఎక్కడెక్కడ పాత బల్లలు వెతికి కొలుచుకున్నాడో. చెక్క నార రంగులోంచి కనపడీ కనపడకుండా ఉంది. ఎంత వెతికినా దీనికి వంక పెట్టలేడు. ఎడమ పక్క కాలి దగ్గర కూడా పెట్టలేడు, అక్కడే ఇంకా బాగుంది, అక్కడే వాడు ఎక్కువ కష్టపడ్డాడు.

కాసేపటికి ఆమె లేచి, మొహం తుడుచుకుని, పెన్ను మూత తీసింది. "దీనికేం రాయను?"

"గోళీబల్ల. సముద్రం ఒడ్డున ఒక హాల్లో ఉండేది. చెక్క రెక్కలు, నాలుగు గంటలు" అన్నాడు. ఆగాడు. "రంగు పని మీ నాన్నదని రాయి. పేరు పెద్దగా రాయి. ఈ పనిలో ఇంతకంటే గొప్ప చెయ్యి నేను చూడలేదు. వాడు చేసినవాటన్నిట్లోకీ ఇదే గొప్పది."

ఆమె రాస్తూ మధ్యలో ఆగింది. తల ఎత్తలేదు. "ఈ ముక్క ఒక్కసారి ఆయన చెవిన వేస్తే మీ సొమ్మేం పోయేది?"

ఆమె జవాబు కోసం ఆగకుండా వంగి బల్ల కాలికి పురికొస చుట్టి ముడి వేసింది, మీరు తీసుకెళ్తారా, లారీ ఎక్కించమంటారా అని అడిగింది. "ఎక్కించమ్మా" అన్నాడు. "జనం ఆడుకోనీ." వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. షట్టరు పక్కన, గోడ మూల యంత్రం ఒకటి మిగిలిపోయి ఉంది, ఇందాక ఇద్దరూ చూసుకోలేదు, చిన్నది, రేకుది, పైన గాజు బుడగ. ఆమె అక్కడిదాకా నడిచి, కొత్త అట్టముక్క తీసి, దాని పక్కన నిలబడి, అతని వైపు కాకుండా యంత్రం వైపే చూస్తూ, "ఇదేంటండీ?" అని అడిగింది.

అతను చెప్పాడు.